ద్రోహి కావలెను

ఈ ఊరి చరిత్రను చరిత్రలో లేనంత గొప్పగా తయారు చేయిస్తామని మంత్రిగారు ప్రకటించారు. ఎనభై ఏళ్ల కిందట దొరల మీద ఊరు తిరగబడి సుంకం కచేరీని తగలబెట్టింది. ఆ వీరగాథ పుస్తకంగా రావాలి, కూడలిలో స్తూపం లేవాలి, రెండూ ఎన్నికల నోటిఫికేషన్‌కు ముందే జరగాలి అన్నారు. చరిత్రకు డెడ్‌లైన్ పెట్టిన నాయకుణ్ణి ఊరు అదే మొదటిసారి చూడడం.

పరిశోధన బాధ్యత కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరమ్మ మీద పడింది. ఆ విషయం మీద ఆవిడ ఏళ్ల తరబడి పనిచేస్తోంది గానీ, ఎంపికకు కారణం అది కాదు. పేర్లు అడిగిన రోజున ఆవిడ సెలవులో ఉంది. వద్దనడానికి మనిషి లేదు.

లెక్చరరమ్మ మాత్రం నిజంగానే పొంగిపోయింది. దొరల నాటి కోర్టు కాగితాలు చదివీ చదివీ ఆవిడ కళ్లు లొట్టపోయాయి. తిరగబడింది ఏడుగురు. నూనె గానుగ ఆడేవాడు, ఇద్దరు బండివాళ్లు, కమ్మరి, మంగలి, బట్టలుతికే ఆవిడ, ఒక బడిపంతులు. ఆ పంతులు లెక్చరరమ్మకు స్వయానా తాత, అమ్మకు నాన్న. పోలీసు కాల్పుల్లో తూటా దిగి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. బతికినన్నాళ్లూ ఎడమచేత్తోనే సుద్దముక్క పట్టాడు.

స్తూపం కమిటీ మొదటి సమావేశంలోనే మంత్రిగారు నీరుగారిపోయారు.

"ఏడుగురేనా? ఏడుగురికి స్తూపం ఎందుకమ్మా, బెంచీ వేస్తే సరిపోతుంది."

"కాగితాల్లో అంతేనండి."

"అవి దొరలు రాసిన కాగితాలేగా! మన జనాన్ని తగ్గించి చూపించరూ? మా మీటింగులకు పేపర్లవాళ్లు చేస్తున్నది అదేగా!"

ఈ చారిత్రక దృష్టి ముందు లెక్చరరమ్మ కోర్టు కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

మర్నాటి నుంచి తాతలు రావడం మొదలుపెట్టారు. మంత్రిగారి బామ్మర్ది తాత అందరికంటే ముందు నడిచాడని తేలింది. మిల్లు ఓనరు తాత వెనకనుంచి ధైర్యం చెప్పాడట. సినిమాహాలు ఓనరు తన తాతను గుర్రం మీద తెచ్చాడు.

"అప్పట్లో ఊళ్లో గుర్రం లేదండి" అంది లెక్చరరమ్మ.

"గాడిద అని రాస్తే ఏం బాగుంటుందమ్మా?" అన్నాడతను, ఎంతో సౌమ్యంగా.

తమ తాతలకు అన్యాయం జరిగిందని ప్రతిపక్షం రోడ్డెక్కింది. వాళ్లకూ కోటా ఇచ్చారు. నెల తిరిగేసరికి ఊళ్లో తిరగబడని తాత లేడు. కచేరీ చూస్తే మూడు గదుల కొంప. "ఇంతమంది అందులో పట్టరండి" అంటే, "వంతులవారీగా తగలబెట్టారని రాయండి" అన్నారు మంత్రిగారు. అసలు ఏడుగురూ 'తదితరులు' అన్న మాటలో సర్దుకున్నారు. పుస్తకంలో ఎక్కడో ఒకచోట, ఆ ఒక్క మాటలోనైనా నిజం ఉంది కదా అని లెక్చరరమ్మ మనసుకు సర్దిచెప్పుకుంది.

చిక్కంతా జిల్లా అధికారి తెచ్చిపెట్టాడు. చదువుకున్నవాడు కావడంవల్ల ఆయనకు ఒక అనుమానం వచ్చింది.

"సార్, ఊరు ఊరంతా తిరగబడింది. అవతల పోలీసులు పదిమంది. మరి మనం ఎందుకు ఓడిపోయాం?"

మంత్రిగారు కళ్లు మూసుకుని ఆలోచించి, తెరిచారు.

"ద్రోహం! ఎవడో మనవాడే ఉప్పందించాడు. ద్రోహి లేని చరిత్ర అసలు చరిత్రే కాదు. ఎవరి తాతను ఇస్తారు?"

ఎవరూ ఇవ్వలేదు. ఏనాడూ ఒక్కమాట మీద నిలబడని అధికార, ప్రతిపక్షాలు ఆ రోజు నిలబడ్డాయి. అందరి చూపులూ మెల్లగా లెక్చరరమ్మ వైపు తిరిగాయి.

"మా తాతకు చెయ్యే పోయిందండి!" అంది ఆవిడ.

"పోయింది చెయ్యేగా తల్లీ" అన్నారు మంత్రిగారు ఆప్యాయంగా. "నోరు బాగానే ఉండేదిగా!"

"నేను రాయను."

"మీకెందుకమ్మా శ్రమ? ప్రెస్సువాళ్లు రాసుకుంటారు."

ఇంటికొచ్చి చెబితే, బట్టలు మడతపెడుతున్న అమ్మ చేతిలోని చీర మడత పూర్తి చేసింది. అప్పుడు అంది, "నాన్న ఎడమచేత్తోనే నాకు జడ వేసేవాడే. పాపిడి ఎప్పుడూ వంకరే. ఆ వంకర పాపిడితోనే బడికెళ్లేదాన్ని." మళ్లీ ఒక దుప్పటి అందుకుని, "స్తూపం తెరిచే రోజు నేనూ వస్తాను. ఏం చెక్కారో చూడాలి" అంది.

చాలా అందంగా చెక్కారు. స్తూపం నిండా వీరుల పేర్లు, అడుగున నల్లరాతి మీద, దొరలకు ఉప్పందించిన ద్రోహిగా పంతులు పేరు. ఆవిష్కరణకు దొరల దేశం నుంచి ఒక కంపెనీ పెద్ద వచ్చాడు. ఊరి పక్కన ఫ్యాక్టరీ పెట్టబోతున్నాడు కాబట్టి, దొరలను తరిమిన స్తూపాన్ని ఆయన చేతే ఆవిష్కరింపజేశారు. ఆయన పేర్లన్నీ చదివించుకుని, నల్లరాయి దగ్గర ఆగిపోయాడు. ఈయన వారసులెవరని అడిగాడు. వేదిక దిగి వచ్చి, అమ్మ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆపదలో మా వాళ్లకు అండగా నిలిచిన ఒకే ఒక్క కుటుంబం మీది అన్నాడు. ఫ్యాక్టరీ డీలర్‌షిప్ ఈ కుటుంబానికే అని మైకులో ప్రకటించాడు.

"మా నాన్న మీకేం చెప్పలేదు బాబూ" అంది అమ్మ. "చెయ్యి పోగొట్టుకున్నాడు, అంతే."

"ఆవిడకు ఆనందంతో మాటలు రావడం లేదు" అని అనువాదకుడు దొరకు చెప్పాడు.

తెల్లారి లెక్చరరమ్మ తలుపు తీసేసరికి వీధి చివరిదాకా జనం. అందరికంటే ముందు బామ్మర్ది.

"చిన్న పొరపాటు జరిగిందమ్మా. ఉప్పందించింది మా తాత."

"మీవాడు సాయంత్రం చెప్పాడు. మావాడు పొద్దున్నే చెప్పేశాడు!" అన్నాడు మిల్లు ఓనరు.

మంత్రిగారి కారు వచ్చింది. జనం దారిచ్చారు. ఆయన గుమ్మంలోనే నిలబడి, నిజాన్ని ఎంతకాలం దాస్తామమ్మా, పుస్తకం సవరించాల్సిందే అన్నారు. ద్రోహుల్లో తన తాతది మొదటి పేరు కావాలన్నారు.

లెక్చరరమ్మ లోపలికి వెళ్లి పుస్తకం ప్రతి తెచ్చింది. ఒక్కొక్క తాతనూ అడిగినచోటికి మార్చుకుంటూ పోయింది. తన తాతను ద్రోహి పేజీలోంచి తీసి మళ్లీ వీరుల్లో చేర్చుకుంది. ఎవరూ అడ్డం చెప్పలేదు. పని పూర్తయ్యాక ఆవిడ ముఖం చాలా రోజులకు వెలిగింది.

"కచేరీ తగలబెట్టినవాళ్లు ఇప్పుడు ఏడుగురే మిగిలారండి."

మంత్రిగారు నొచ్చుకున్నారు. "దొరగారి మనసు కష్టపెట్టడం ఎందుకు? షార్ట్ సర్క్యూట్ అని రాయండి."

"అప్పటికి ఊళ్లో కరెంటే లేదండి."

"అయితే అది కూడా వచ్చిందని రాయండి" అన్నారు మంత్రిగారు.