లెక్కలోకి రాని కోచ్

బొల్లారం రోవర్స్ ఫుట్‌బాల్ జట్టు హెడ్ కోచ్ మేకల రాజలింగం కార్తీకమాసం మొదట్లో లెక్కలోకి రావడం మానేశాడు. మనిషి మాయమైపోయాడని కాదు. ఎప్పటిలాగే కనబడేవాడు, ఎప్పటికన్నా గట్టిగా వినబడేవాడు, బరువు కూడా తగ్గలేదు. కాకపోతే ఎవరు ఎన్నిసార్లు మనుషుల్ని లెక్కపెట్టినా అతని దగ్గరికొచ్చేసరికి అంకె అతన్ని దాటిపోయి పక్కవాడి మీద పడేది.

సంగతి మొదట బయటపెట్టింది జట్టు మేనేజర్ వేణుమాధవరావు. నిజామాబాద్‌లో మ్యాచ్ గెలిచి తిరిగొస్తున్నప్పుడు బస్సు కదిలేముందు తలలు లెక్కపెట్టడం అతని పని. కోచ్‌తో కలిపి ఇరవై నలుగురు ఉండాలి. ఆ సాయంత్రం ఇరవై ముగ్గురే వచ్చారు. ఎవరో పక్కకు వెళ్లి ఉంటారని కాసేపు ఆగాడు. మళ్లీ లెక్కపెట్టాడు. చివరికి పేర్లు పిలిచాడు. అందరూ పలికారు. ముందు సీట్లో రాజలింగం కూడా పల్లీలు తింటూ పలికాడు.

"సార్, మీరున్నరు గదా?" అని అడిగాడు మేనేజర్.

"ఏం, కనబడ్తలేనా?"

"కనబడ్తున్నరు సార్. లెక్కల వస్తలేరు."

"పొద్దటి సంది ఏం తిన్లేనట్టున్నవ్" అంటూ రాజలింగం అతని చేతిలో గుప్పెడు పల్లీలు పోశాడు. బస్సు కదిలింది.

రాష్ట్ర ఫుట్‌బాల్ సమాఖ్యకు ఇది కొత్త విషయం కాదు. ఆటగాళ్లు లెక్కచేయని కోచ్ కొంతకాలానికి లెక్కకు కూడా రాకుండా పోతాడని వాళ్ల నియమావళిలోనే ఉంది. లెక్కచేయడం వేరు, లెక్కపెట్టడం వేరు అని సమాఖ్య న్యాయ సలహాదారు ఒకప్పుడు వాదించాడట గానీ, రెండింటికీ ఒకే ఫారం వాడుతున్నారు కాబట్టి ఆ వాదన నిలబడలేదు. ఆ సీజన్‌లో అప్పటికే ముగ్గురు కోచ్‌లు అలా పోయారు. వాళ్లలో ఒకాయన ఇప్పటికీ తన పాత స్టేడియానికి టికెట్ లేకుండా వస్తాడు. గేటు దగ్గర ఎవరూ ఆపరు.

క్లబ్బు వాళ్లు మొదట దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. పైగా కొన్ని సౌకర్యాలు కనబడ్డాయి. ఎనిమిది మందికి మించి ఎక్కితే కుయ్యోమని మోగే ఆఫీసు లిఫ్టు, తొమ్మిదో మనిషిగా రాజలింగం ఎక్కితే నోరు మెదపలేదు. కారులో ఆరో మనిషిగా అతన్ని ఎక్కించుకుంటే ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తలేదు. క్లబ్బు అధ్యక్షుడు చింతల నర్సిరెడ్డి ప్లాట్ల వ్యాపారి, గజం జాగా ఖాళీగా కనబడితే నిద్రపట్టని మనిషి. మైదానం పక్క బెంచీ మీద ఏడుగురు కూర్చోవచ్చని నిబంధన. కోచ్ లెక్కలో లేడు కాబట్టి ఒక సీటు మిగిలిందని తేల్చి, అందులో తన బావమరిది శ్రీపాల్‌ను కూర్చోబెట్టాడు. శ్రీపాల్ పుట్టి బుద్ధెరిగాక బంతిని తన్నలేదు. అయినా ఎవరు లెక్కపెట్టినా మొదటిసారికే లెక్కకు వచ్చేవాడు.

ఆ వారమే నర్సిరెడ్డి పత్రికలవాళ్లను పిలిచి, కోచ్ మీద తమకు సంపూర్ణ విశ్వాసం ఉందని ప్రకటించాడు. మర్నాటి నుంచి ప్రాక్టీసు దగ్గర రాజలింగానికి చాయ్ రావడం ఆగిపోయింది. చాయ్ పోసే యాదమ్మ తలలు చూసి కప్పులు పెట్టే మనిషి. ఆమెకు అతనంటే కోపమేమీ లేదు.

"దినాం ఒకటి ఎక్కువ పోస్కరావాలె అనుకుంట సారూ. ఈడికొచ్చి లెక్క జూస్తే సరిపోతది" అని ఆమె బాధపడింది. రాజలింగం తన సీసాలోంచి నీళ్లు తాగాడు.

అతను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అరవై గజాల దూరం నుంచైనా కనబడే ఆరెంజ్ కోటు కుట్టించుకున్నాడు. ప్రాక్టీసు అరగంట తగ్గించి చూశాడు, అరగంట పెంచి చూశాడు. గోల్‌కీపర్ పుట్టినరోజుకు కేకు తెప్పించాడు. కేకు ఇరవై మూడు ముక్కలైంది. ఇంట్లో భార్య సుగుణ మాత్రం ఇంకా రెండు పళ్లాలే పెట్టేది. అందుకని సెలవు దొరికితే అతను ఇల్లు కదిలేవాడు కాదు. రెండో పళ్లెం ముందు కూర్చుని, దాన్ని కాసేపు చూసి, ఆ తర్వాత అన్నం కలుపుకునేవాడు.

నెలాఖరు శనివారం సమాఖ్య నుంచి అధికారి వచ్చి మైదానంలో లెక్క తీస్తారని ఉత్తరం వచ్చింది. ముగ్గురు వేరువేరు మనుషులు లెక్కపెట్టాలి. ముగ్గురిలో ఒక్కరి లెక్కలోకి వచ్చినా రాజలింగం కోచ్‌గా నిలుస్తాడు. రాకపోతే ఆటగాళ్ల నమ్మకం పోయినట్టు ధ్రువీకరిస్తారు. అప్పుడు అతనిలో భయం మొదలైంది. ఆ సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక కెప్టెన్ డేవిడ్ సుధీర్‌ను గోల్‌పోస్టు వెనక్కి తీసుకెళ్లాడు. సుధీర్‌ను పదిహేనేళ్ల వయసులో లాలాపేట మైదానంలో చూసి జట్టులోకి తెచ్చింది రాజలింగమే.

"నిజం చెప్పు సుధీర్. నేనెందుకు లెక్కల వస్తలేను?"

సుధీర్ బూటుతో గడ్డి గీకాడు. "మీరంటే మాకు మస్తు రెస్పెక్ట్ సార్."

"అది అందరు చెప్పిండ్రు. నేనడిగింది అది గాదు."

"నిజామాబాద్ సార్."

నిజామాబాద్‌లో జరిగింది అందరికీ తెలిసిందే. ఇంటర్వెల్‌కు జట్టు ఒక గోల్ వెనకబడి ఉంది. కుడివైపు నుంచే ఆడాలనీ, ఎడమవైపు పోతే చచ్చామనీ రాజలింగం బోర్డు మీద గీసి మరీ చెప్పాడు. అందరూ తలలు ఊపారు. బయటికెళ్లి ఎడమవైపు నుంచి ఆడి రెండు గోల్స్ కొట్టారు. మ్యాచ్ అయ్యాక టీవీవాళ్లు మైకు పెడితే రాజలింగం, అంతా మా ప్లాన్ ప్రకారమే జరిగిందనీ, ఇంటర్వెల్‌లో తాను గీసి చూపించినట్టే ఆడారనీ చెప్పాడు. వెనక నిలబడ్డ ఆటగాళ్లంతా ఆ మాట విని ఒక్కసారే వంగి లేసులు కట్టుకున్నారు. అప్పటికే కట్టి ఉన్న లేసులు అవి. కాసేపటికి బస్సులో ఒక తల తగ్గింది.

"మీ మాట ఇనక గెలిస్తే మీరు తిడ్తరనుకున్నం సార్. తిట్టినా బాగుండు. మీరేమో మీరే గెలిపిచ్చినట్టు చెప్పిండ్రు. ఇగ మీరు చెప్పేదానికి మేము ఆడేదానికి ఏం సంబంధం లేదని గప్పుడు తెల్సిపోయింది" అన్నాడు సుధీర్.

రాజలింగం రాత్రంతా ఆలోచించి, మర్నాడు డ్రెస్సింగ్ రూమ్ తలుపు వేయించాడు. నర్సిరెడ్డి లేడు, శ్రీపాల్ లేడు, పత్రికలవాళ్లు లేరు.

"నిజామాబాద్‌ల నేను రైటన్న. మీరు లెఫ్ట్ ఆడిండ్రు. మీరే కరెక్ట్. టీవోళ్ల ముంగట నేను అబద్ధం చెప్పిన."

గోల్‌కీపర్ చాలా రోజుల తర్వాత తలెత్తి అతని ముఖంలోకి చూశాడు. మేనేజర్ అలవాటు కొద్దీ వేలితో గదిని లెక్కపెట్టి, ఆగి, మళ్లీ లెక్కపెట్టాడు.

"ఇర్వై మూడున్నర వస్తుంది సార్" అన్నాడు.

ఆ అర ఎవరిదో చెప్పక్కర్లేదు. రాజలింగానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. సగం మనిషి వెనక్కి వచ్చినా సంతోషమే. ఆ రోజు యాదమ్మ సగం కప్పు చాయ్ పోసింది. చాలా బాగుందని ఆమెకు రెండుసార్లు చెప్పాడు. కానీ సమాఖ్య అరలను గుర్తించదు. అర వస్తే కింది అంకెకే సవరిస్తారు.

"తతిమ్మ సగం ఏమైంది?" అని సుధీర్‌ను అడిగాడు.

"మా ముంగట చెప్పిండ్రు సార్. టీవోళ్ల ముంగట చెప్పలే గదా."

లెక్క చాలా సూటిగా ఉంది. అబద్ధం ఎక్కడ చెప్పాడో నిజమూ అక్కడే చెప్పాలి. శుక్రవారం పత్రికల సమావేశం ఉండనే ఉంది. సుగుణ ఇస్త్రీ చేసిన చొక్కా ఇచ్చింది. "చెప్పొస్త" అన్నాడు. "చెప్పు, ఏమైతది" అంది ఆమె.

సమావేశంలో రాజలింగానికి కుడిపక్కన నర్సిరెడ్డి, ఎడమపక్కన శ్రీపాల్ కూర్చున్నారు. వెనక వరసలో ఆటగాళ్లు నిలబడ్డారు. నర్సిరెడ్డి ముందుగా తన సంపూర్ణ విశ్వాసాన్ని మరోసారి ప్రకటించాడు. తర్వాత ఒక విలేకరి లేచి, నిజామాబాద్ గెలుపు వ్యూహం గురించి చెప్పమని కోచ్‌ను అడిగాడు. రాజలింగం మైకు దగ్గరికి లాక్కున్నాడు. నోరు తెరిచాడు. నర్సిరెడ్డి అతని భుజం మీద చెయ్యి వేశాడు. తన మాట ఆటగాళ్లు వినలేదని ఇప్పుడు ఒప్పుకుంటే ఈ చెయ్యి ఏ భుజం మీదికి మారుతుందో రాజలింగానికి తెలుసు. ఎడమపక్క శ్రీపాల్ భుజం అప్పటికే కొంచెం ముందుకు వంగి ఉంది.

"అంతా ప్లాన్ ప్రకారమే జరిగింది" అన్నాడు.

వెనక లేసులు కట్టుకుంటున్న చప్పుడు వినబడింది.

శనివారం సమాఖ్య అధికారి హైమవతి వచ్చింది. మర్యాదస్తురాలు. ఎండగా ఉందని కోచ్‌కు తన గొడుగు ఇవ్వబోయింది. అందరినీ వరసగా నిలబెట్టి లెక్కపెట్టింది. ఇరవై మూడు. తర్వాత మేనేజర్ లెక్కపెట్టాడు. ఇరవై మూడు. మూడో లెక్క కోచ్ తానే తీయవచ్చని నియమావళిలో ఒక దయగల వాక్యం ఉంది. రాజలింగం గోల్‌కీపర్ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కరి ముందూ ఆగి, వేలు చూపించి, పైకి లెక్కపెట్టాడు. చివరికి మేనేజర్‌నూ లెక్కపెట్టి ఆగిపోయాడు.

"ఇర్వై మూడు" అన్నాడు.

"సార్, మిమ్మల్ని మీరు ఇడిసిపెట్టిండ్రు" అని మేనేజర్ చెవిలో చెప్పాడు.

రాజలింగం మళ్లీ లెక్కపెట్టాడు. ఈసారి ఆఖరున తన గుండె మీద వేలు పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు. పెదవులు కదిలాయి గానీ అంకె బయటికి రాలేదు. వేలు తీసేశాడు.

"కరెక్టే ఉంది మేడం. ఇర్వై మూడే."

హైమవతి సంతకం తీసుకుంది. "ఇబ్బంది ఏమీ లేదండీ. చాలామందికి మొదట్లో కొంచెం బాధ ఉంటుంది" అంది.

అతన్ని ఉద్యోగంలోంచి తీసేస్తారని అందరూ అనుకున్నారు. కానీ లెక్కలో లేని మనిషిని లెక్కలోంచి తీసేయడం కుదరదని సమాఖ్య తేల్చింది. శ్రీపాల్ హెడ్ కోచ్ అయ్యాడు. రాజలింగం కూడా హెడ్ కోచ్‌గానే ఉండిపోయాడు. రోజూ ఆరెంజ్ కోటు వేసుకుని వచ్చి బోర్డు మీద గీతలు గీసేవాడు. ఆటగాళ్లు మునుపటికన్నా మర్యాదగా నమస్కారం పెట్టేవారు. శ్రీపాల్ చెప్పిందీ ఎవరూ వినడం లేదని కొన్ని వారాలకే తెలిసింది గానీ, అతను మాత్రం తగ్గకుండా లెక్కకు వస్తూనే ఉన్నాడు. అధ్యక్షుడి బావమరుదులకు ఈ జబ్బు సోకదని నియమావళి అనుబంధంలో ఉందని మేనేజర్ చెప్పాడు.

కొన్నాళ్లకు రాజలింగానికి ఒక పని కూడా దొరికింది. బస్సు కదిలేముందు తలలు లెక్కపెట్టే పని అతనికి అప్పగించారు. లెక్క తప్పకుండా చేసేది అతనొక్కడే అని మేనేజర్ మెచ్చుకున్నాడు. అతనికీ ఆ పని నచ్చింది.

ఖమ్మం మ్యాచ్‌కు బయల్దేరిన రోజు శ్రీపాల్ తన బావ కారులో ముందే వెళ్లిపోయాడు. బస్సు అల్వాల్ స్టాప్ దగ్గర ఇద్దరు ఆటగాళ్ల కోసం ఆగింది. వాళ్లు ఎక్కాక రాజలింగం కిందికి దిగి, కిటికీల వెంట నడుస్తూ తలలు లెక్కపెట్టాడు. ఇరవై మూడు. ఎవరూ తప్పిపోలేదు. బస్సు పక్క రేకును అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు.

"అందరొచ్చిండ్రు. పోనియ్."

బస్సు వెళ్లిపోయింది. సుధీర్ వెనక అద్దంలోంచి చెయ్యి ఊపాడు. రాజలింగం కూడా ఊపాడు. లెక్క సరిపోయిందన్న తృప్తితో అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి ఫోన్ మోగింది. సుగుణ.

"బస్సెక్కిండ్రా?"

"ఎక్కిండ్రు. అందరెక్కిండ్రు."

"రాత్రికి నేనొక్కదాన్నే గదా, ఇంత చారు పెట్టుకుంట."

"పెట్టుకో" అన్నాడు.

ఎండ ముదురుతోంది. స్టాప్ రేకు నీడలో అప్పటికే చాలామంది నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు నుంచి బస్సులు ఆగకుండా పోతున్నాయి. అతన్ని చూసి వాళ్లు కొంచెం కొంచెం జరిగి చోటిచ్చారు.