పెద్దల్లుడు పట్టుకెళ్ళిన అలెన్ కీ

అరువిచ్చిన పనిముట్టు తిరిగి రాకపోవడం ఒక వరం. నవ్వకండి! అనుభవం మీద చెబుతున్నాను. టూల్ బాక్స్ నిండుగా ఉన్నవాడికి బుర్ర పనిచెయ్యదు. అది ఖాళీ అయినవాడే అసలు మెకానిక్ అవుతాడు.

మా ఇంట్లో ఒక రిమోట్ కారు ఉంది. బొమ్మ అనకండి, మా ఆవిడకి కోపం వస్తుంది. దాన్ని నడిపేది ఆవిడ, విప్పి బిగించేది నేను. సంసారం కూడా ఇంచుమించు ఇదే పద్ధతిలో సాగుతోంది. ప్రతి ఆదివారం ఆఫీసుల వెనక ఖాళీగా ఉండే పార్కింగ్ స్థలంలో రేసులు జరుగుతాయి. అక్కడ మా ఆవిడ ఇంతవరకూ ఓడించలేకపోయిన మనిషి ఒక్కరే. వాళ్ళ అక్కగారి భర్త. అంటే నా తోడల్లుడు.

ఆయన పెద్దల్లుడు, నేను చిన్నల్లుణ్ణి. పెద్దల్లుడు అడిగితే చిన్నల్లుడు ఇవ్వాలి. ఇచ్చింది తిరిగి అడగడమా? అబ్బే! అడిగితే సాయంత్రానికల్లా అత్తగారి చెవిన పడుతుంది. "ఇనప ముక్క కోసం పెద్దాయన్ని నిలదీశాడట!" అని ఏడాది పొడుగునా చెప్పుకుంటారు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది గానీ, అది పత్రికలో రాసేది కాదు.

"తమ్ముడూ, ఒక్క పది నిమిషాలు" అంటూ ఆయన మొదట సోల్డరింగ్ ఐరన్ పట్టుకెళ్ళారు. తరవాత నోస్ ప్లయర్. ఆ తరవాత స్క్రూడ్రైవర్ల సెట్టు, పెట్టెతో సహా. పెట్టె లేకపోతే ఎక్కడైనా పారేసుకుంటారట! ఎంత జాగ్రత్త మనిషో చూడండి.

నేను బాధపడ్డానా? ఎందుకు బాధ? జ్ఞానోదయమైంది! షాపుల్లో అద్దాల వెనక మెరిసేవే పనిముట్లని ఇన్నాళ్ళూ భ్రమపడ్డాను. అసలైనవి ఇంట్లోనే, ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్నాయి. వాటికున్న గొప్ప సుగుణం ఏమిటంటే, వాటిని ఎవరూ అరువడగరు.

పాత టూత్‌బ్రష్‌నే తీసుకోండి. గేర్ల సందుల్లో ఇరుక్కున్న మట్టిని అది తీసినట్టు ఇంకేదీ తీయలేదు. దాన్ని అన్నయ్యగారు ఒక్కసారి కూడా అడగలేదు.

పాడైపోయిన స్పీకర్లోని అయస్కాంతాన్ని బిస్కెట్ల డబ్బా రేకు మూత కింద అంటించాను. ఇప్పుడు అందులో వేసిన స్క్రూ, తంతే గానీ కదలదు. అంతకుముందు నా సెలవు దినాలు సగం నేల మీద పాకడంతోనే గడిచిపోయేవి. ఎదురింటివాళ్ళు వ్యాయామం అనుకుని మెచ్చుకునేవారు కూడా.

కోడిగుడ్ల అట్ట మరో అద్భుతం! విప్పిన స్క్రూలు విప్పిన వరసలో ఒక్కో గుంటలో వేసి, బిగించేటప్పుడు చివరి గుంట నుంచి వెనక్కి రావాలి. ఈ అట్ట లేని రోజుల్లో, కారంతా బిగించాక కూడా నా చేతిలో నాలుగైదు స్క్రూలు మిగిలేవి. "బరువు తగ్గింది, ఇంకా స్పీడుగా పోతుంది" అని మా ఆవిడకి సర్దిచెప్పేవాణ్ణి.

ఇక కాగితం ముక్క! మోటారు మీది చిన్న గేరుకీ, దాని పక్క పెద్ద గేరుకీ మధ్య సన్నటి సందు ఉండాలి. రెంటి మధ్యా ఒక కాగితం పెట్టి, నొక్కి పట్టి, మోటారు బిగించి, కాగితం లాగేస్తే సందు సరిగ్గా కుదురుతుంది. దానికి నేను పత్రికవాళ్ళు నాకు పోస్టులో పంపే ఈ కాలమ్ పేజీనే వాడతాను. నా రాతల వల్ల లోకానికి కలిగిన ఉపయోగం ఇదొక్కటే.

మా ఆవిడ ఎర్ర గోళ్ళరంగు సంగతి మరిచాను. నట్టు మీద ఒక చుక్క వేస్తే తొందరగా వదులు కాదు. మిగిలిన రంగుతో నా పనిముట్లన్నిటికీ తలో చుక్క పెట్టాను, ఎక్కడున్నా నావేనని గుర్తుపట్టడానికి. గుర్తుపడుతూనే ఉన్నాను. ఆయన టూల్ బాక్స్‌లో!

అయితే ఒక్కదానికి మాత్రం ఇంట్లో బదులు దొరకలేదు. ఒకటిన్నర మిల్లీమీటర్ల అలెన్ కీ, అంటే మరలు తిప్పే ఆరు పలకల వంకర పుల్ల. అదీ ఆయనే పట్టుకెళ్ళారు. మోటారు మీది చిన్న గేరును పట్టి ఉంచే మర బియ్యపు గింజంత ఉంటుంది. అది ఆ కీకి తప్ప ఎవరికీ లొంగదు. మర వదులైతే మోటారు గీపెడుతుంది, కారు మాత్రం కదలదు. పిన్నీసుతో ప్రయత్నించాను, చాకు మొనతో ప్రయత్నించాను. ఒకసారి పంటితో కూడా.

ఇంకోటి కొనుక్కోవచ్చుగా అంటారా? కొన్నానండీ! రెండుసార్లు కొన్నాను. మొదటిది వారం రోజులు మా ఇంట్లో ఉంది. రెండోదాని మీద ఎర్ర చుక్క ఆరుతుండగానే ఆయన వచ్చారు.

పోయిన ఆదివారం ఏం జరిగిందో వినండి. ఆఖరి రౌండు. మా ఆవిడ కారు ముందుంది, అన్నయ్యగారిది వెనక. "ఈసారి బావ పని అయిపోయిందండీ!" అని ఆవిడ అరుస్తుండగానే కారు గీపెట్టి ఆగిపోయింది. మర వదులైంది.

నా కాళ్ళ దగ్గరే అన్నయ్యగారి టూల్ బాక్స్ తెరిచి ఉంది. అందులో మూడు అలెన్ కీలు, మూడు ఎర్ర చుక్కలు. చెయ్యి చాపితే అందుతాయి. కానీ పెద్దల్లుడి పెట్టెలో అడక్కుండా చెయ్యి పెడతామా?

"అన్నయ్యా, ఆ అలెన్ కీ ఒక్క నిమిషం..."

"ఉండు తమ్ముడూ, ఈ రౌండు కానీ."

రౌండయింది. ఆయనే గెలిచారు. అప్పుడు ఎంతో ఆప్యాయంగా ఒక కీ తీసి నా చేతిలో పెట్టారు.

"తీసుకో. మళ్ళీ ఇచ్చెయ్యాలి సుమా! ఈ రోజుల్లో పట్టుకెళ్ళినవాళ్ళు ఎవరూ తిరిగివ్వడం లేదు."

మర బిగించాను. కీ తిరిగి ఇచ్చేశాను. థాంక్స్ కూడా చెప్పాను.

 ఇంటికి రాగానే మా ఆవిడ రిమోట్ బీరువాలో పెట్టి తాళం వేసింది. "ఓడిపోయినందుకు కాదండీ. మన వస్తువు మనకిచ్చిన మనిషికి థాంక్స్ చెప్పారు చూడండీ, అదీ నా ఏడుపు. ఆ కీ ఇంటికొచ్చేదాకా నేను రిమోట్ ముట్టుకోను" అంది.

అయినా సరే, అరువు ఒక వరమన్న నా మాటకి నేను కట్టుబడే ఉన్నాను. ఈ కాలమ్‌ని అన్నయ్యగారు తప్పకుండా చదువుతారు. రోజూ పొద్దున్నే మా గుమ్మంలో పడ్డ పేపరు పట్టుకెళ్ళేది ఆయనే.

అన్నయ్యా, పేపరు మీ దగ్గరే ఉంచుకోండి. ఈ ఒక్క పేజీ మాత్రం చింపి, అందులో ఆ మూడు కీలూ చుట్టి పంపించండి. నేనడిగానని అత్తగారితో మాత్రం అనకండి!