ముట్టుకుంటే మాసిపోయే చదువు

పిల్లలు వేలు పెట్టనంతవరకు తరగతి గదిలో లెర్నింగ్ సెంటర్లను మించిన వరం లేదు! ఫిజీ దేశపు సిగటోకా లోయలో ఇరవై రెండేళ్ళుగా రెండో తరగతికి పాఠాలు చెబుతున్న పంతులమ్మను, నా మాట నమ్మండి.

మంచి సెంటర్లకు బహుమతులిచ్చే తనిఖీ అధికారి వస్తున్నారనగానే గదికి నాలుగు మూలలా నాలుగు సెంటర్లు పెట్టాను. చదువుకోవడానికి చాప, లెక్కలకు గవ్వలు, రాతకు ఇసుక తొట్టి, ఖాళీ డబ్బాలతో ఒక దుకాణం. మూడు ఆదివారాలు చర్చి ఎగ్గొట్టి రంగులు వేశాను. దేవుడైతే క్షమిస్తాడు. తనిఖీ వాళ్ళు క్షమిస్తారా?

మా హెడ్మాస్టర్ సెవనాయా గారు చూసి మురిసిపోయి, వెంటనే అన్నింటి చుట్టూ తాడు కట్టించారు.

“వచ్చే బుధవారం తనిఖీ దాకా ఎవరూ ముట్టుకోకూడదు మేడమ్. మాసిపోతాయి!”

“మరి పిల్లలు నేర్చుకునేదెట్లా మాస్టర్?”

“చూసి నేర్చుకుంటారు. కళ్ళున్నాయిగా!”

ఎంత గొప్ప మాట! నలభై ముగ్గురు పిల్లలు గది నడుమ ఇరుక్కుని కూర్చుని, తాడు అవతలి విద్యను తొమ్మిది రోజులు తనివితీరా చూశారు.

బుధవారం భోజనాల వేళ అంతా పాడయింది. విలిమైనా అనే పిల్ల ఉంది. పుస్తకం తెరిస్తే నేలచూపులే. రెండు టర్ములు తంటాలు పడ్డా ఆమె నోట ఒక్క మాట చదివించలేకపోయాను. ఆ పిల్ల కాసావా దుంప నములుతూ తాడు కింద నుంచి దూరి, దుకాణం తెరిచేసింది!

“చేపల డబ్బా ఉందా?” అని అడిగింది నేస్తం తొరికా.

“ఏ చేపే? ఉండు, చదివి చెప్తా. మా... కె... మాకెరెల్! రెండు గవ్వలు ఇటు పెట్టు. ఏయ్, పగిలింది కాదు, మంచిది!”

గుమ్మంలో నిలబడిపోయాను. ఆపాలి కదా? ఆపలేదు. కళ్ళు మాత్రం తడిశాయి.

వెనక నుంచి అధికారి గొంతు వినిపించింది. “ఎవరిదీ పని?”

ఆయన పక్కనే ఉన్న హెడ్మాస్టర్ ముఖం పాలిపోయింది. విలిమైనా డబ్బా వదిలేసి మళ్ళీ నేల చూసింది.

“నాదే సార్. నేనే ఆడుకోమన్నాను” అన్నాను. “మీకేం కావాలో అడగండి, చదివి ఇస్తుంది.”

ఆయన గడియారం చూసుకుని, ఏదో రాసుకుని వెళ్ళిపోయారు.

నెల తర్వాత తనిఖీ ఫలితాలొచ్చాయి. బొమ్మలకు ప్లాస్టిక్ కవరైనా విప్పని పక్క తరగతికి మొదటి బహుమతి! మా తరగతికి ఒకే వాక్యం: “సెంటర్లను పిల్లలు వాడిన గుర్తులు కనిపిస్తున్నాయి.”

నా ఉద్యోగంలో నన్ను ఇంతగా మెచ్చుకున్నవారు ఇంకెవరూ లేరు.