మూత బిగిసిన గిన్నె

ఆ ఆదివారం ఉదయం గుమాస్తా గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భోజనాల వేళకు మూత ఉన్న కొయ్య గిన్నె ఒకటి తయారు చేసి భార్య చేతిలో పెట్టాలి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన ఇంతకంటే పెద్ద పథకం వేసిన పాపాన పోలేదు.

రిటైరైన రోజు ఆఫీసు వాళ్ళు ఇచ్చిన గోడ గడియారం ఇంటికి వచ్చేలోపే ఆగిపోయింది. దాన్ని చూస్తూ కూర్చోలేక ఆయన ఒక పాత లేతు మిషన్ కొనుక్కొచ్చి పెరటి షెడ్డులో పెట్టుకున్నారు. కొయ్య దుంగను దానికి బిగించి గిర్రున తిప్పుతూ ఉలి ఆనిస్తే గుండ్రటి వస్తువులు వస్తాయి. పని వచ్చినవాళ్ళకు వస్తాయి. గుమాస్తా గారికి ఇంతవరకు వచ్చింది పొట్టు ఒక్కటే. అయినా ఆ షెడ్డంటే ఆయనకు ప్రాణం. ఊరికే ఎందుకు కూర్చున్నారని ఎవరూ అడగని చోటు ఇంటి మొత్తానికి అదొక్కటే.

దానికీ కాలం దగ్గర పడింది. భార్య అన్నగారు రిటైరైన హెడ్మాస్టరు. తన ఇంట్లో ఉండి చెల్లెలి ఇల్లు నడపగల సమర్థులు. లేతును కొనేవాణ్ణి కూడా ఆయనే చూసి పెట్టారు.

"ఆదివారం అన్నయ్య వస్తున్నాడు," అంది భార్య. "ఆ మిషన్‌లోంచి ఇంట్లో పనికొచ్చేది ఒక్కటంటే ఒక్కటి తీసి చూపించండి. నేను అన్నయ్యకి అడ్డుపడతాను. లేదంటే మాత్రం నా చేతుల్లో లేదు."

వీధి చివర రోడ్డు కోసం కొట్టేసిన చెట్టు దుంగ ఒకటి గుమాస్తా గారికి దొరికింది. ఇన్నాళ్ళూ ఎండుకొయ్య ఆయన మీద పగబట్టినట్టు ఉలిని విసిరికొట్టేది. ఇది వెన్నలా తెగింది. పొట్టు రిబ్బన్లలా చుట్టలు చుట్టుకుంటూ వచ్చి భుజాల మీద పడింది. కళ్ళద్దాల మీద నీటి తుంపర పడింది. కొయ్యలోంచి నీళ్ళు చిమ్ముతుంటే ఎవరికైనా అనుమానం రావాలి. గుమాస్తా గారికి ఆనందం వచ్చింది. పచ్చి కొయ్య ఆరేకొద్దీ ముడుచుకుపోతుందనీ, గుండ్రటి గిన్నె కోలగా తిరుగుతుందనీ ఆయన చూసే వీడియోలో ఒకాయన గంటసేపు మొత్తుకున్నాడు. బోరు కొట్టి ఆ భాగం ముందుకు జరిపేశారు.

మూత మాత్రం అద్భుతంగా కుదిరింది. పైకి లాగితే 'టప్' మని చప్పుడు. భార్య ఒకసారి తీసింది. పెట్టింది. మళ్ళీ తీసింది.

"బాగానే వచ్చిందే," అంది.

పెళ్ళయ్యాక ఆవిడ ఆయన గురించి ఇంత మాట అన్నది లేదు. గుమాస్తా గారు షెడ్డులోకి వెళ్ళి, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, లేతును ఒకసారి నిమిరి వచ్చారు.

హెడ్మాస్టరు గారు భోజనానికి వచ్చారు. ఆ సాయంత్రం పక్క వీధి హాల్లో పాత విద్యార్థులు ఆయనకు సన్మానం చేస్తున్నారు. అక్కడ ఇవ్వబోయే ఉపన్యాసం అన్నం తింటూ ఒకసారి, చెయ్యి కడుక్కుంటూ ఇంకోసారి వినిపించారు. తర్వాత కునుకు తీయడానికి పడుకుంటూ పైవరస, కిందివరస రెండూ తీసి చెల్లెలికి ఇచ్చారు. ఆయనవి కట్టుడు పళ్ళని ఆ ఇంట్లో ఇద్దరికి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. తెలియకూడదు కూడా.

మామూలుగా అవి గ్లాసుడు నీళ్ళలో ఉంటాయి. ఆ రోజు ఆవిడకు మొగుడి పనితనం అన్నకు చూపించాలనిపించింది. "ఇదిగో అన్నయ్యా, మీ బావ చేశారు," అంటూ పళ్ళు తుడిచి కొత్త గిన్నెలో పెట్టి, మూత బిగించి, కిటికీ గట్టు మీద ఉంచింది. హెడ్మాస్టరు గారు ఒక కన్ను తెరిచి చూసి మూసుకున్నారు. మధ్యాహ్నమంతా ఆ కిటికీలోంచి ఎండ చక్కగా పడింది.

ఆయన లేచేసరికి గిన్నె కోలగా తిరిగి ఉంది. మూత రాలేదు.

ముందు ఆవిడ లాగింది. తర్వాత గుమాస్తా గారు లాగారు. తర్వాత ఆవిడ గిన్నె పట్టుకుంటే ఆయన మూత పట్టుకుని ఇద్దరూ చెరోవైపు లాగారు. లోపల పళ్ళు గలగలమన్నాయి.

"సీసా మూత బిగుసుకుంటే వేడి చూపిస్తే రాదూ?" అని ఆవిడ గిన్నెను పొయ్యి సెగ మీద తిప్పింది. కొయ్యలో మిగిలిన కాస్త తడీ దాంతో ఆరిపోయింది. మూత, గిన్నె ఒకే దుంగలో పుట్టామని గుర్తొచ్చినట్టు అతుక్కుపోయాయి.

"లేతు మీద పెట్టి మూత అంచు కోసేస్తాను," అన్నారు గుమాస్తా గారు.

"అది తిరిగే తిరుగుడికి లోపల పళ్ళు మిగుల్తాయా?"

"పోనీ గొడ్డలితో..."

హెడ్మాస్టరు గారు రెండు చేతులూ అడ్డం పెట్టి గిన్నెను గుండెకు హత్తుకున్నారు.

"తడిగుడ్డ చుట్టి ఉంచితే కొయ్య మళ్ళీ ఉబ్బి గుండ్రంగా తిరుగుతుంది. తెల్లారేసరికి వచ్చేస్తుంది," అన్నారు గుమాస్తా గారు. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరైనా అన్న మాటల్లో పనికొచ్చేది అదొక్కటే.

"సభ సాయంత్రమైతే మీరు తెల్లారి అంటారేమిటండీ? మీరిక నోరు మూసుకోండి," అంది భార్య. మామూలుగా ఆ మాట అన్నగారు అనేవారు. ఆయనకు ఆ రోజు వీలు పడలేదు.

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు గారిని హాలుకు తీసుకెళ్ళడానికి పక్కింటి కాంపౌండరు వచ్చాడు. హెడ్మాస్టరు గారు మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఉన్నారు. చెల్లెలు కళ్ళు తుడుచుకుంటోంది. గుమాస్తా గారు తల పట్టుకుని కూర్చున్నారు. కాంపౌండరు హెడ్మాస్టరు గారి నాడి పట్టుకుని చూశాడు.

"మాట పడిపోయిందా అమ్మా?"

హెడ్మాస్టరు గారు కాదని అరిచారు. తువ్వాల్లోంచి గాలి మాత్రం వచ్చింది.

"పడిపోయింది," అని కాంపౌండరు తేల్చాడు. "నేను చూసుకుంటాను, మీరు ధైర్యంగా ఉండండి."

అన్న గుట్టు బయటపెట్టలేక ఆవిడ నీళ్ళు నమిలింది. అంతలో కాంపౌండరు ఫోను తీసి హాలుకు కబురు చెప్పాడు; ఎలా ఉన్నా ఆయన్ని ఒకసారి తీసుకురమ్మన్నారు అక్కడివాళ్ళు.

హాలుకు వెళ్ళేసరికి జనం గుమ్మం దాకా వచ్చి ఎదురు నిలబడ్డారు. నడవగలిగిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, నేను మోస్తానంటే నేను మోస్తానని కొట్టుకుంటూ వేదిక ఎక్కించారు. ఒకరి తర్వాత ఒకరు లేచి ఆయన గొంతును తలుచుకుని ఏడ్చారు. ఎదుటివాడి వాక్యం ఎన్నడూ పూర్తి కానివ్వని హెడ్మాస్టరు గారు అన్ని వాక్యాలూ చివరిదాకా విన్నారు. వినగా వినగా ఆయనకు అది బాగానే ఉన్నట్టు అనిపించింది. తువ్వాలు కాస్త సర్దుకుని, తల కొంచెం వాల్చి, జబ్బు మనిషిలా కూర్చున్నారు కూడా.

ఇంతలో బయట ఆంబులెన్సు మోత వినిపించింది. కాంపౌండరు చేసిన ఏర్పాటది. ఒక డాక్టరు సూది పట్టుకుని వేదిక ఎక్కారు. హెడ్మాస్టరు గారి కళ్ళు పెద్దవై, మూలన నిలబడ్డ బావను వెతికి పట్టుకున్నాయి. అదే సమయంలో అధ్యక్షుడు మైకు తెచ్చి గుమాస్తా గారి చేతిలో పెట్టాడు.

"కుటుంబం తరఫున రెండు మాటలు చెప్పండి."

గుమాస్తా గారు జన్మలో మైకు పట్టుకోలేదు. హెడ్మాస్టరు గారి కళ్ళలోకి చూశారు. ఆ కళ్ళు 'చెప్పకు' అని బతిమాలుతున్నాయి. గుమాస్తా గారికి అవి 'కాపాడు' అంటున్నట్టు తోచాయి.

"ఆయనకేం కాలేదండీ," అన్నారు. "కట్టుడు పళ్ళు నేను చేసిన గిన్నెలో ఇరుక్కున్నాయి. అంతే."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒకప్పుడు ఆయన చేత బెత్తం దెబ్బలు తిన్నవాడై ఉంటాడు. దాంతో హాలు మొత్తం ఘొల్లుమంది. అంతదాకా ఏడ్చినవాళ్ళే ఎక్కువ నవ్వారు. సూది పట్టుకున్న డాక్టరు నవ్వు ఆపుకోలేక వేదిక దిగిపోయారు. హెడ్మాస్టరు గారు బావ వైపు చూసి పళ్ళు నూరబోయి, లేవని గుర్తొచ్చి ఆగిపోయారు.

ఆ వారంలోనే లేతు కోసం వ్యాను వచ్చింది. దాన్ని షెడ్డులోంచి మోసుకుపోతుంటే భార్య గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది. ఒక్క మాట అడ్డు చెప్పలేదు.

"బాగానే వచ్చిందన్నావు కదా," అన్నారు గుమాస్తా గారు.

"అప్పుడు మూత వచ్చింది కదండీ," అంది ఆవిడ.

ఆ డబ్బుతో హెడ్మాస్టరు గారు కొత్త పళ్ళు కట్టించుకున్నారు. ఇవి పాతవాటికంటే బాగా కుదిరాయి. పోగొట్టుకున్న ఉపన్యాసాన్ని ఆయన వచ్చిన ప్రతిసారీ ఆ ఇంట్లోనే ఇస్తున్నారు. ఖాళీ షెడ్డులో తన పాత సోఫా తెచ్చి పెట్టుకున్నారు. గిన్నెను ఎవరూ తాకలేదు. అది అటకెక్కింది. తడిగుడ్డ సంగతి గుమాస్తా గారు మళ్ళీ ఎత్తలేదు. ఆయనకు నోరు మూసుకోమన్న మాట బాగా గుర్తుంది.

వానలు పట్టుకున్నాయి. గోడలు చెమర్చాయి. తలుపులు ఉబ్బి మూతపడటం మానేశాయి. అటక సర్దుతూ ఆవిడ గిన్నె తీసి, పారేసే ముందు అలవాటు కొద్దీ మూత లాగింది. 'టప్' మని వచ్చేసింది. ఆవిడ పరుగున ముందు గదిలోకి వచ్చింది. ఆగిపోయిన గడియారం కింద గుమాస్తా గారు ఊరికే కూర్చుని ఉన్నారు.

"ఏమండీ, చూశారా? మూత ఎంత చక్కగా కుదిరిందో," అంది, తీసి పెడుతూ, తీసి పెడుతూ. "ఎంత ఓపికగా చేశారండీ. ఇలాంటిది ఇంకోటి చేసిపెట్టకూడదూ?"

గుమాస్తా గారు కిటికీలోంచి షెడ్డు వైపు చూశారు. తర్వాత చెయ్యి చాపి గిన్నె అందుకున్నారు.

లోపల హెడ్మాస్టరు గారి పళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు.