చెత్త పడని స్పా ఎందుకండీ?

ముందుగా ఒక మనవి. నేను నెమ్మదిగా రాస్తాను, మీరూ నెమ్మదిగా చదవండి. మా ఆయన ఉన్నన్నాళ్ళూ నాది వేలిముద్ర. ఆయన పోయి, ఖతార్‌కి ఇంటిపనికి వచ్చాక, ఈ వయసులో అక్షరాలు పట్టుకున్నాను. శుక్రవారం నాకు సెలవు. ఆ రోజు శివకుమారి టీచరమ్మ తన ఫ్లాట్‌లో నాలాంటి ఆడవాళ్ళని కూర్చోబెట్టి చదువు చెబుతుంది. ఎక్కడైనా ఒత్తు తప్పితే మన్నించండి. ఒత్తులు చెప్పిన శుక్రవారాలన్నీ నేను స్పాలో ఉన్నాను!

స్పా అంటే మీరు ఇంకేదో అనుకోకండి. మా మేడం కమలాదేవి గారి విల్లా వెనక పెరట్లో ఉన్న వేడినీళ్ళ తొట్టి. బటన్ నొక్కితే నీళ్ళు ఎసరులా కుతకుతలాడతాయి. మనుషులు మెడదాకా మునిగి కూర్చుని "అబ్బా, రిలాక్స్!" అంటారు. బయట ఎండ ఊరికే ఉడకబెడుతుంటే చాలదు కాబోలు.

అందులో చెత్త పడుతుంది. నా వాదన ఏమిటంటే, పడాలి! చెత్త పడని స్పా ఇంటికి అరిష్టం!

నవ్వకండి. చెత్త పడకముందు ఈ ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకునేవారా? సార్ రామకృష్ణారావు గారు వెస్ట్ బే ఆఫీసు నుంచి వచ్చి ఒక ఫోన్‌లో తల దూర్చేవారు. మేడం ఇంకో ఫోన్‌లో. ఇప్పుడో? భోజనాల దగ్గర ఒకటే చర్చ.

"నెట్ చాలండీ. ఆకులన్నీ వచ్చేస్తాయి."

"ఆకులు సరే కమలా, ఇసుక? నెట్‌లోంచి జారిపోదూ? బ్యాటరీ వాక్యూమ్ తీసుకుందాం."

"దానికి చార్జింగ్ ఎవరు పెడతారు, మీరా?"

"పోనీ, రోబో?"

రోబోని పక్క విల్లావాళ్ళ దగ్గర అడిగి తెచ్చారు. పెద్ద పూల్‌లో తిరిగే ప్రాణి అది. మా తొట్టిలో మెట్టుకి తల కొట్టుకుని, కొట్టుకుని, చివరికి వెల్లకిలా పడి చక్రాలు తిప్పింది. దాన్ని పైకి తీసింది కూడా నేనే. పిచికారీలా ఇసుక లాగే గొట్టం ఒకటి ఉందట. గార్డెన్ పైపుకి తగిలించేది ఇంకొకటట. నీళ్ళ మీద తేలుతూ ఒంటి నూనె పీల్చే స్పాంజి మరొకటట. సార్ అన్నిటి వీడియోలూ చూశారు. ఒకదాని మెడ పొట్టి, ఒకదానికి మోత ఎక్కువ, ఒకదాని రంగు మేడంకి నచ్చలేదు. పెళ్ళిసంబంధాలకైనా ఇన్ని వంకలు పెడతారా?

ఇక చెత్త నేర్పే సమానత్వం చూడండి! ఎడారి ఇసుక, ఖర్జూరం పూత, పక్కింటి పిల్లి బొచ్చు, అతిథుల తలవెంట్రుకలు, అన్నీ ఒకే నీళ్ళలో! స్పాన్సర్ లేకుండా, వీసా లేకుండా ఈ దేశంలో దర్జాగా దిగేది దుమ్ము ఒక్కటే!

ఒకనాడు టీ తాగుతూ సార్ తేల్చేశారు. "ఏదో ఒకటి కొనేదాకా మాన్యువలే బెస్ట్."

"అంతే. శుక్రవారం గెస్టులు వచ్చేలోపు మాన్యువల్‌తో కానిచ్చేద్దాం" అన్నారు మేడం.

నా ప్రాణం లేచొచ్చింది. ఈ ఊళ్ళో మాన్యువల్ అనే పేరున్నవాళ్ళకి తక్కువా? గోవా మాన్యువల్ ఉన్నాడు, ఫిలిప్పీన్స్ మాన్యువల్ ఉన్నాడు. మా ఏసీ బాగుచేసేవాడూ మాన్యువలే. వాళ్ళలో ఎవరినో మాట్లాడారనుకున్నాను. శుక్రవారం పొద్దున అతనికి ఫ్లాస్కులో టీ పోసిపెట్టి, పుస్తకాల సంచి తగిలించుకుని బయల్దేరాను.

గేటు దగ్గర డ్రైవర్ ఓబులయ్య కారు తుడుస్తున్నాడు. మా రాయచోటి వైపువాడే.

"యాడికి పోతాండావక్కా? మేడం నిన్ను పిలస్తాంది."

"క్లాసుకబ్బా. తొట్టి కడగను మాన్యువల్ వస్తాడంట గదా. టీ పెట్టినా, వస్తే ఇయ్యి."

ఓబులయ్య బానెట్ మీద పడి నవ్వాడు. "మాన్యువల్ అంటే మనిషి కాదక్కో! చేత్తో చేసేదాన్ని అట్లంటారు."

"ఎవురి చేత్తో?"

వాడు నవ్వాపి, నా చేతులకేసి చూశాడు.

టీ నేనే తాగాను. ఆ శుక్రవారమూ, ఆ తర్వాతి శుక్రవారాలూ మోకాటిలోతు నీళ్ళలో వంగి ఇసుక తోడాను. నాతోపాటు అక్షరాలు మొదలుపెట్టిన ఆయేషా ఫోన్‌లో కూతురికి తానే మెసేజ్ రాసే దాకా వెళ్ళింది. నేను మాత్రం ఒత్తు కనబడితే చాలు, పక్కకి తప్పుకుంటున్నాను. టీచరమ్మ ఫోన్ చేసింది. "వచ్చే వారం కూడా రాకపోతే నీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాను అంకాలమ్మా. చాలామంది అడుగుతున్నారు, ఏమనుకోకు."

అయినా సరే, మాన్యువల్ పద్ధతిని నేను మెచ్చుకోకుండా ఉండలేను! కరెంటు అక్కర్లేదు. మోత ఉండదు. మెట్టుకి తల కొట్టుకోదు. పాడైతే తన నడుముకి తానే తైలం రాసుకుంటుంది. ఇలాంటి మోడల్ ఏ కంపెనీ చేస్తుంది చెప్పండి?

పోయిన శుక్రవారం సార్ తొట్టి దగ్గరికి వచ్చి మర్యాదగా అడిగారు. "అంకాలమ్మా, రోజూ చూస్తున్నావు కదా. నీ ఉద్దేశంలో ఏది బెస్ట్?"

"మాన్యువలే సార్."

"విన్నావా కమలా!" సార్ మొహం వెలిగిపోయింది.

"కాకుంటే సార్, నాయి పొట్టి చేతులు. మూలలకు అందవు. మీయి బారు చేతులు."

ఆకులు తీసే నెట్, అదే వల, ఆయన చేతిలో పెట్టి, చెప్పులు వేసుకున్నాను.

"ఎక్కడికి?" అన్నారు మేడం.

"శుక్రవారం గదా మేడం. సార్‌కీ సెలవే, నాకూ సెలవే."

వెనక్కి చూడలేదు. టీచరమ్మ ఫ్లాట్‌కి వెళ్ళేసరికి నా చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి సార్ సోఫాలో బోర్లా పడుకుని ఉన్నారు. ఇన్ని నెలలుగా తేలని ఎంపిక మధ్యాహ్నమే తేలిపోయిందట. ముందు కనబడిన వాక్యూమ్‌ని ఆర్డర్ పెట్టేశారట. మేడం రంగు కూడా చూడలేదట!

కాబట్టి పాఠకులారా, పెరటి స్పాకి వల మంచిదా, వాక్యూమ్ మంచిదా, రోబో మంచిదా అని నన్ను అడక్కండి. చెత్త పడనివ్వండి. ఎంచుకునేవాళ్ళని ఒక్కసారి అందులో వంగనివ్వండి. ఏది కావాలో వాళ్ళ నడుమే చెబుతుంది. నాకైతే ఏ యంత్రమూ వద్దు, నా శుక్రవారం నాకు వదిలిపెడితే చాలు.

ఇట్లు,
అంకాలమ్మ, యాభై ఎనిమిదేళ్ళు. ఊరు రాయచోటి పక్కన. ఇప్పుడు ఉండేది దోహాలో, విల్లా వెనక గదిలో.