కిలో విదేశీ బూజు

ఖాజాగూడ గుట్టల పక్కన ‘కాలిఫోర్నియా బ్రీజ్’ అని ఓ అపార్ట్‌మెంటుంది. అక్కడ కాలిఫోర్నియా లేదు, బ్రీజ్ అసలే లేదు. కిటికీ తీస్తే పక్క టవర్ వాళ్ళ కుక్కర్ విజిల్ మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది. అందులో ఆరో అంతస్తులో కాపురముంటున్న ఉదయ్ భాస్కర్‌కి అక్టోబరు చివర్లో ఓ గొప్ప ఆలోచన వచ్చింది. అతనికి గొప్ప ఆలోచన వచ్చినప్పుడల్లా అతని భార్య ప్రవీణకి తలనొప్పి వస్తుంది. రెండూ ఒకేసారి వస్తాయి కాబట్టి ఏది ముందో ఇంతవరకు తేలలేదు.

“హాలోవీన్‌కి గుమ్మం అలంకరణ పోటీ పెట్టారు. ఫస్ట్ ప్రైజ్ మనదే!” అన్నాడు.

“హాలోవీనంటే దయ్యాల పండుగే గదా? అది మనకెందుకు?”

“జడ్జి ఎవరనుకున్నావ్? ప్రేమ్ కుమార్!”

ప్రేమ్ కుమార్ ఆఫీసులో అతని బాసు. అపార్ట్‌మెంట్లో సరిగ్గా పై ఫ్లాటు. అంటే రెండు చోట్లా నెత్తి మీదే ఉంటాడు. ఆరు నెలలు డాలస్‌లో ఉండొచ్చిన దగ్గర్నుంచి మంచినీళ్ళడిగినా ‘వాడర్’ అంటాడు. ఆదివారం పొద్దున్నే టీం కాల్ పెట్టడం ఆయనకలవాటు. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో ఆ కాల్‌లో మధ్యాహ్నం దాకా తలూపడం ఉదయ్ భాస్కర్‌కలవాటు. పైగా ఇప్పుడు ప్రమోషన్ల కాలం.

“దసరాకు మామిడాకులు కట్టుమంటే స్టూలెక్కితే కండ్లు తిరుగుతయన్నవ్,” అంది ప్రవీణ.

“అది పండగ. ఇది కెరీర్.”

మర్నాటి నుంచి పార్సిళ్ళు దిగాయి. ప్లాస్టిక్ గబ్బిలాలు, రబ్బరు బల్లులు, తెగిన చెయ్యి ఒకటి. ఆ చెయ్యి ఓ డబ్బాలో, ఆ డబ్బా ఇంకో డబ్బాలో, ఆ డబ్బా నిండా గాలి నింపిన సంచులు. హాల్లో సోఫా ఎక్కడుందో గుర్తుపెట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది.

“పాల పాకెట్ తెమ్మంటే మర్చిపోతవ్. బల్లులు మాత్రం పది నిమిషాల్ల తెప్పించినవ్. మన వంటింట్ల బల్లి ఏం పాపం చేసింది?”

“అది మామూలు బల్లి. ఇది చీకట్లో వెలుగుతుంది.”

ఆ తర్వాత తెల్లటి సంచి ఒకటి వచ్చింది.

“ఇదేంది, పత్తా?”

“బూజు.”

ప్రవీణ సంచిలో చెయ్యి పెట్టి చూసింది. “బూజు... కొన్నవా?”

“కిలో.”

“రెండేండ్ల సంది స్టోర్ రూంల బూజు దులుపుమంటే దుమ్ము పడదంటవ్. పైసలు పెట్టి బూజు కొన్నవా?”

“ఇది ఇంపోర్టెడ్ బూజు, ప్రవీణా. ఉతుక్కోవచ్చు కూడా.”

“అంటే మనింట్లది నాటు బూజా?”

అతని అదృష్టం కొద్దీ అప్పుడే బెల్లు మోగి, ఆరడుగుల అస్థిపంజరం ఇంటికొచ్చింది. ఎవరైనా దగ్గరికొస్తే దాని కళ్ళు ఎర్రగా వెలుగుతాయి, ‘హిహిహి’ అని నవ్వుతుంది. డబ్బా విప్పగానే ఉదయ్ భాస్కర్‌నే చూసి నవ్వింది.

“తెలివైనదే,” అంది ప్రవీణ.

శనివారమే పోటీ. పొద్దున్నే ఉదయ్ భాస్కర్ తలుపంతా బూజు పరిచాడు. ఎర్ర గుమ్మడికాయకు కళ్ళు, ముక్కు, నోరు చెక్కాడు. భయంకరంగా వస్తుందనుకుంటే వెర్రిమొహంలా వచ్చింది.

“అచ్చం మా చిన్నమామ లెక్కున్నడు,” అంది ప్రవీణ.

అస్థిపంజరాన్ని తలుపు పక్కన నిలబెట్టి, తను వేసుకోవడానికి రక్తపిశాచి వేషం కిరాయికి తేవడానికి మియాపూర్ బయల్దేరాడు. ట్రాఫిక్ సంగతి తెలుసు కనుక, టైం కలిసొస్తుందని అక్కడే వేషం వేసుకున్నాడు. నల్లకోటు తొడిగాడు. ప్లాస్టిక్ కోరలు జారకుండా ఉండాలని షాపువాడు పళ్ళకు జిగురు పూసి మరీ అతికించాడు.

సాయంత్రం లిఫ్టు దిగి చూస్తే తలుపు తళతళలాడుతోంది. బూజు లేదు, గబ్బిలాల్లేవు, గుమ్మడికాయ లేదు. గడప కడిగి, పసుపు రాసి, ముందు ముగ్గేసి ఉంది. ముగ్గు పక్కన చీపురు పట్టుకుని అత్తగారు బుచ్చమ్మ నిలబడి ఉంది. మధ్యాహ్నం సదాశివపేట బస్సులో వచ్చిందట.

“అఫ్ఫయ్య గారూ! నా ఫూఫు ఏఫీ?” అని అరిచాడు. ‘అత్తయ్య గారూ, నా బూజు ఏదీ’ అని అతని బాధ. కోరల వల్ల నోట్లోంచి సగం అక్షరాలు ‘ఫ’గానే బయటికొస్తున్నాయి.

బుచ్చమ్మ చీపురు కింద పడేసింది. “ఓ ప్రవీణా! అల్లునికి పండ్లు బయటికొచ్చినయే! జర దవాఖానకు తోల్కపోదాం పా!”

“ఫఫాఫానా ఒఫ్ఫు!”

“అమ్మా, అవి కిరాయి పండ్లు,” అంటూ ప్రవీణ బయటికొచ్చింది. “నేను బజారుకు పోయొచ్చే లోపల అమ్మ అంతా కడిగేసింది. నేనేం చెయ్యాలె?”

“గుమ్మం గిట్ల పెట్టుకుంటరా బిడ్డా?” అంది బుచ్చమ్మ. “ఎవడో పోకిరోడు గుమ్మడికాయకు కండ్లు కూడ పొడిచిండు. పారెయ్య బుద్ధి గాలె. పులుసు పెట్టిన.”

చిన్నమామ పులుసులో ఉడికిపోయాడన్నమాట. మరి అస్థిపంజరం?

“గా బక్కాయనా? ఆడోళ్ళు తిరిగే జాగల బట్టల్లేకుండ నిలబడ్డడు. నాకే సిగ్గయింది.”

“అందుకని నేనే తొడిగిన,” అంది ప్రవీణ, వేలితో చూపిస్తూ.

వరండా చివర ఉదయ్ భాస్కర్ ఆఫీసు కుర్చీలో అస్థిపంజరం కూర్చుని ఉంది. ఒంటి మీద అతని నీలిగళ్ళ చొక్కా. మెడలో అతని కంపెనీ ఐడీ కార్డు. తలకు హెడ్‌సెట్టు. ఒళ్ళో తెరిచిన లాప్‌టాప్. నడుముకు లుంగీ.

దాన్ని లాగిపారేద్దామని ఉదయ్ భాస్కర్ పరిగెత్తాడు. నల్లకోటు కాళ్ళకు చుట్టుకుని ముగ్గులో బోర్లా పడ్డాడు. అంతలో లిఫ్టులోంచీ, మెట్ల మీంచీ జనం వచ్చిపడ్డారు. ఇరవై మంది పిల్లలు, వాళ్ళ వెనక తల్లిదండ్రులు, అందరికన్నా ముందు ప్రేమ్ కుమార్.

అస్థిపంజరం కళ్ళెర్రజేసి ‘హిహిహి’ అంది.

“అరే, మా డాడీ!” అన్నాడో పిల్లాడు.

“కాదు, మా మమ్మీ!” అంది ఇంకో పిల్ల.

పెద్దవాళ్ళు ఫోన్లు తీసి ఫోటోల మీద ఫోటోలు. ప్రేమ్ కుమార్ వంగి ఐడీ కార్డు చదివాడు. అది ఆయన కంపెనీయే. మొహం మాడిపోయింది. “ఉదయ్, ఏంటిది?”

“ఫార్! ఇఫి నేను ఫేయలేఫు!”

“ఏమంటున్నాడు?”

“మన టీం కోసమే చేసిన సార్, అంటున్నడు,” అంది ప్రవీణ.

“ఖాఫు! ఫారీ ఫార్, ఫారీ!”

“ఆదివారం కాల్స్ బంద్ పెట్టుండ్రి సార్, అంటున్నడు. అందరి తరఫున.”

వరండా అంతా చప్పట్లతో మోగిపోయింది. ఉదయ్ భాస్కర్ రెండు చేతులూ జోడించి ‘ఫొద్ఫు, ఫొద్ఫు’ అని మొత్తుకున్నాడు.

“చేతులు జోడించి అడుగుతున్నడు సార్,” అంది ప్రవీణ, కళ్ళొత్తుకుంటూ.

ప్రేమ్ కుమార్ అటు చూశాడు, ఫోన్లు. ఇటు చూశాడు, ఫోన్లు. ఎదురుగా అస్థిపంజరం మళ్ళీ నవ్వింది. ఆ కంగారులో డాలస్ యాస కూడా రాలిపోయింది. “సరేనయ్యా, ఇకనుంచి ఆదివారం కాల్స్ ఉండవు! ప్రైజ్ కూడా మీకే!”

పిల్లలు చాక్లెట్ల కోసం బకెట్లు చాపి “ట్రిక్ ఆర్ ట్రీట్!” అని అరిచారు.

“మక్క రొట్టెనా? ఉన్నయి బిడ్డా, ఉన్నయి!” అని బుచ్చమ్మ తలా ఓ రొట్టె, మీద గుమ్మడికాయ పులుసూ వేసింది. ఆ పూట చాక్లెట్లడిగిన పిల్లాడు లేడు. ప్రేమ్ కుమార్ రెండోసారి కూడా వేయించుకున్నాడు.

ఉదయ్ భాస్కర్ కోరలు మాత్రం మూడో రొట్టెకి ఊడొచ్చాయి. నోరు రాగానే భార్య మీదికి లేచాడు. “నేనన్నదేంటి, నువ్వు చెప్పిందేంటి?”

“నాకు గట్లనే వినబడ్డది.”

ప్రమోషన్ పోయినట్టే. అయినా రేపు ఆదివారం, కాల్ లేదు, పన్నెండింటి దాకా పడుకోవచ్చని తలుచుకుంటే కోపం కాస్త చల్లారింది.

పొద్దున్నే ప్రవీణ దుప్పటి లాగేసింది. “లే. చెత్త బండాయన అన్నీ తీస్కపోయిండు గని ఆ బొక్కల మనిషిని ముట్టలే. తడి చెత్తనా, పొడి చెత్తనా అని అడిగిండు.”

“నాకేం తెలుసు?”

“అందుకే అమ్మకిచ్చేసిన. చేన్ల పందులు పడుతున్నయట, దిష్టిబొమ్మగ పెట్టుకుంటదట. నువ్వు పోయి చేన్ల పాతి రా.”

“నేనా?”

“ఆదివారం కాల్స్ లేవు గదా! నువ్వే కొట్లాడి తెచ్చినవ్!”

ముప్పావు గంట తర్వాత మియాపూర్లో సదాశివపేట బస్సెక్కారు. కిక్కిరిసిన బస్సులో రెండే సీట్లు దొరికాయి. కిటికీ దగ్గర బుచ్చమ్మ కూర్చుని, నలగకుండా ఉంటుందని పక్కన అస్థిపంజరాన్ని కూర్చోబెట్టింది. కండక్టర్ వచ్చాడు. అస్థిపంజరం ఆయన్ని చూసి నవ్వింది. ఆయన నవ్వలేదు.

“ఆడోళ్ళకు టికెట్ లేదు. ఇది ఆడనా, మగనా?”

ఉదయ్ భాస్కర్ ‘ఆడ’ అనబోయాడు.

“మగోడే సారూ,” అంది బుచ్చమ్మ గర్వంగా. “మా అల్లుని అంగీ గూడ తొడిగినం.”

ఉదయ్ భాస్కర్ తనకొకటి, దానికొకటి టికెట్లు తీసుకుని, ఇక కాస్త కూర్చుందామని అస్థిపంజరం భుజం పట్టుకుని లేపబోయాడు. కండక్టర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“టికెట్ తీసినంక సీటు ఆయనది సార్. మీరు జర వెనుకకు జరుగుండ్రి.”