ఎడమవైపు ముందు చక్రం

మా ఆయన మీద నాకు ఒకే ఒక్క ఫిర్యాదు. ఆయన ఎన్నడూ తప్పు చేయరు. పెండ్లయి ఇరవై రెండేండ్లయింది, ఇంతవరకు ఒక్కటి చేయలేదు. పాలు పొంగితే పొయ్యిది తప్పు. బస్సు దాటిపోతే బస్సుది తప్పు. మా పిల్లలకు మార్కులు తగ్గితే పేపరు దిద్దినవాళ్లది, ఆయన దిద్దిన పేపర్లలో తగ్గితే రాసిన పిల్లలది. ఇట్లాంటి మనిషితో కాపురం ఎట్లుంటుందో మీకు వివరించను. మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు.

ఆయన మహబూబ్‌నగర్‌లో ఫిజిక్సు లెక్చరర్. మా కాలనీ సంక్షేమ సంఘానికి అధ్యక్షులు కూడా. ఆయన హయాంలో కాలనీ సాధించిన ప్రగతి పేరు కర్బు రాళ్లు, అంటే ఫుట్‌పాత్‌కు అంచుగా నాటే రాళ్లు. మా వీధిలో ఫుట్‌పాత్ లేదు. ముందు అంచు వస్తే ఫుట్‌పాత్ దానంతటదే వెనక వస్తుందని సంఘం దృఢ విశ్వాసం. ఆ విధంగా ఇరవై అడుగుల రోడ్డు పదహారు అడుగులకు అభివృద్ధి చెందింది. రాళ్లన్నింటికీ పసుపు రంగు వేయాలని తీర్మానించారు గాని, శిలాఫలకం ముందున్న నాలుగింటికి వేసేసరికి డబ్బా అయిపోయింది. ఫలకం మీద 'చింతల లింగస్వామి, అధ్యక్షులు' అని బంగారు అక్షరాలున్నాయి. మా ఆయన కారును రోజూ ఆ అక్షరాల పక్కనే ఆపుతారు. ఇంటి ముందు జాగా లేక కాదు, నేను నడిపిననాడు అక్కడే ఆపుతాను.

కారుకు అల్లాయ్ చక్రాలు. ఇనుప చక్రాలది అగ్గువకు వచ్చేది గాని, దూరం నుంచి మెరవదని వద్దన్నారు. కొన్ననాడు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. రాళ్ల కోసం ఐదోది పెట్టించాలని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

నేను లైసెన్సు తీసుకుని ఎనిమిది నెలలు. ప్రతి గురువారం మా అత్తమ్మ బిక్షమ్మను మోకాళ్ల వ్యాయామానికి జడ్చర్ల దవాఖానకు తీసుకుపోతాను. ఆటోలో పోతే, దవాఖానలో చేసిన మేలునంతా దారిలో స్పీడ్ బ్రేకర్లు వాపసు తీసేసుకుంటాయి. అందుకని ఆ కారు తాళం నాకంటే ఆమె మోకాళ్లకే ఎక్కువ అవసరం.

ఒక శుక్రవారం పొద్దున ఎడమవైపు ముందు చక్రం అంచు జానెడు పొడవున గీరుకుపోయి కనిపించింది. ముందురోజు కారు నడిపింది నేను. నా తర్వాత, సాయంత్రం, ఆయన దాన్ని మీటింగుకు తీసుకుపోయి వచ్చారన్న చిన్న విషయం విచారణ పరిధిలోకి రాలేదు.

విచారణకు సంఘం ముగ్గురితో నిజనిర్ధారణ కమిటీ వేసింది. కోశాధికారి సునీల్ గారు దానికి పెద్ద. ముగ్గురూ చక్రం చుట్టూ గొంతుక్కూర్చుని, టార్చి కొట్టి చూసి, పద్దెనిమిది మిర్చి బజ్జీలు తిని, 'సదరు గీత మహిళా చోదకత్వపు లక్షణములు కలిగియున్నది' అని నివేదిక సమర్పించారు. బజ్జీలు వేసింది ముద్దాయే.

తాళం దేవుని అరలో నరసింహస్వామి పటం వెనకకు పోయింది. అంతటితో ఆగితే ప్రజాసేవ ఎట్లవుతుంది? కాలనీలో ఆడవాళ్లు కారు నడపాలంటే పక్క సీట్లో భర్త ఉండి తీరాలని, రాబోయే సర్వసభ్య సమావేశానికి తీర్మానం తయారైంది. ఈలోగా మా ఆయన గేటుకు వేయగా మిగిలిన వెండి రంగు తెచ్చి, ఆ గీత మీద స్వహస్తాలతో మూడు పూతలు వేశారు. మా గేటునే వంచి చక్రం చేసినట్టు కనిపించింది.

రెండు గురువారాలు ఆటోలో పోయాం. రెండోసారి అత్తమ్మ ఆటో దిగలేక, నా భుజం పట్టుకుని కాసేపు అక్కడే నిలబడిపోయింది. ఏమీ అనలేదు. మా అత్తమ్మ ఏమీ అనకపోవడం మా ఇంట్లో అరుదైన సంఘటన. మూడో గురువారం మాత్రం, కాలేజీకి సెలవు పెట్టి నువ్వే నడుపుమని, పనిలో పనిగా ఆ చక్రం కూడా బాగు చేయించుమని కొడుకును ఆజ్ఞాపించింది.

జడ్చర్లలో హైవే పక్కన జాషువా అనే ఆయన అల్లాయ్ చక్రాలకు వైద్యం చేస్తాడు. మమ్మల్ని ముగ్గురినీ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి, చక్రం విప్పి, టైరు తీసి చూశాడు.

"సార్, గీ గేటు రంగు ఎవరేసిండ్రు?"

"ఇంట్లో వేసిన్రు" అన్నారు మా ఆయన, నా వైపు చూడకుండా.

జాషువా ఓపికగా విషయం చెప్పాడు. పై గీతే అయితే రుద్ది, లోతున్న చోట నింపి, రంగు వేసి కాలిస్తే కొత్తదానిలా అవుతుంది. పగులు ఉంటే మాత్రం తాను ముట్టుకోడు, ప్రాణాల మీదికి వస్తుంది. పగులు ఉందో లేదో తెలియాలంటే రంగు మొత్తం ఊడదీయాలి. ఏదో ద్రావకం పూశాడు. వెండి రంగు పాల మీది మీగడలా లేచి వచ్చింది. కింద, గీత లోతులో, పసుపు రంగు. మూడు పూతల కింద వానకూ ఎండకూ చెదరకుండా భద్రంగా ఉంది.

"పగులు లేదు సార్, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు జాషువా. "గీ పసుపు మీ కాలనీలదే గద, పేర్ల రాయి కాడిది. నా కాడికి వచ్చిన చక్రాలల్ల గిది పదకొండోది."

"గా పదకొండూ ఎవరు గుద్దిచ్చిండ్రు బిడ్డా?" అని అడిగింది అత్తమ్మ.

"అందరు సార్లూ ఇంట్లో మేడమే గుద్దిచ్చిందన్నరమ్మా." మెల్లగా చెయ్యి తుడుచుకున్నాడు. "పని అయినంక తీస్కపోనీకి మేడమును పంపుండ్రి సార్ అంటే మాత్రం, ఆమెకు నడుపుడు రాదంటరు. పదిమంది గట్లనే అన్నరు."

మా ఆయన గోడకేసి చూశారు. గోడకు ఆనించి ఉన్న చక్రం మీద చీటీ ఉంది. చీటీ మీద 'సునీల్ సార్' అని ఉంది.  

ఆదివారం సమావేశానికి మగవాళ్లు ముందు వరుసల్లో, ఆడవాళ్లు వెనక వరుసల్లో కూర్చున్నారు. అత్తమ్మ మాత్రం ముందు వరుస మధ్యలో కుర్చీ వేయించుకుని, మోకాలు బారజాపింది. మా ఆయన తీర్మానం కాగితం పట్టుకుని లేచారు. గొంతు సవరించుకున్నారు.

"గౌరవ సభ్యులారా, విశ్వసనీయ సమాచారం మేరకు, చక్రమునకు రాయి తగిలినట్లు వెల్లడైనది."

"రాయి నడిచొచ్చిందా లింగా?" అంది అత్తమ్మ.

 ముందు వరుసల్లో పదిమంది, వద్దు వద్దన్నట్టు కండ్లతోనే సైగలు చేస్తున్నారు. మా ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు.

"లేదమ్మా. నేనే గుద్దిచ్చిన. నిర్మల మీద పెట్టుడు నాదే తప్పు."

జేబులోంచి తాళం తీసి బల్ల మీద పెట్టారు. అత్తమ్మ అందుకుని నా చేతికి పంపించింది.

పదిమందీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంత నిజాయితీ గల అధ్యక్షుడు దొరకడం కాలనీ చేసుకున్న పుణ్యమని కొనియాడారు. కాలనీ మొత్తంలో తప్పు చేసినవాడు ఒక్కడే ఉన్నాడని తేలినందుకు వాళ్ల మొహాల్లో ఎంత ఊరట! అందరికంటే గట్టిగా కొట్టింది సునీల్ గారు.

ఆ చప్పట్ల మధ్య, వెనక వరుసలోంచి సునీల్ గారి భార్య కౌసల్య అమాయకంగా అడిగింది.

"ఏమండీ, మన బండికి పది దినాల సంది నల్ల స్టెప్నీయే ఉంది గద. పంచరన్నరు. మరి అసలు చక్రం యాడున్నది?"

చప్పట్లు ఆగిపోయాయి. సునీల్ గారు నా వైపు చూశారు, అత్తమ్మ వైపు చూశారు, చివరికి భార్య వైపు చూశారు.

"జడ్చర్లల ఉంది" అన్నారు. "నాదే తప్పు."

మిగతా తొమ్మిదిమందీ నెమ్మదిగా కూర్చున్నారు. మళ్లీ చప్పట్లు కొట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.